మనసు ఉలిక్కిపడే తీరు

కూతురు పోయాక మొదటిసారి ఆఫీసుకు వచ్చిన రోజున, సారథి ఇందుమతిని లోపలికి రానివ్వలేదు.

సారథి మనిషి పేరు కాదు. తేజోవతి సీరమ్స్ కంపెనీని నడిపే సాఫ్ట్‌వేర్ పేరు. విజయనగరం దాటి నెల్లిమర్ల వెళ్ళే దారిలో, ఒక పక్క గుర్రపుశాలలూ ఇంకో పక్క తెల్లటి భవనాలూ ఉన్న పెద్ద ఆవరణ అది. పాము విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి నెత్తురు నుంచి విరుగుడు మందు తీస్తారు అక్కడ. గుర్రాలకు దాణా తెప్పించాలన్నా, జీతాలు వెయ్యాలన్నా, ఒక పూట సెలవు పెట్టుకోవాలన్నా ఎవరైనా ముందు సారథిలోకి లాగిన్ కావాలి. తయారైన మందు గేటు దాటాలంటే మాత్రం ఒక్క ఇందుమతే లాగిన్ కావాలి. ఆమె నాణ్యతా విభాగానికి అధిపతి. పరీక్షల ఫలితాలన్నీ చూసి ‘విడుదల’ అన్న మాట మీద ఆమె వేలు పెడితే తప్ప కోల్డ్ రూములోని పెట్టెలు కదలవు.

ఆ లాగిన్‌కు పాస్‌వర్డ్ లేదు. కుర్చీలో కూర్చుని, చెవి వెనక చిన్న బిళ్ళ తగిలించుకుని, అరచెయ్యి గాజు పలక మీద ఆన్చాలి. ఎదుట తెర మీద కొన్ని మాటలూ బొమ్మలూ చదివే వ్యవధి ఇవ్వకుండా వచ్చి పోతాయి. తాళంచెవి. రైలు కూత. పొంగిన పాలు. మూసిన తలుపు. ఒక్కొక్కదానికీ మనసు ఒక్కో రకంగా ఉలిక్కిపడుతుంది, మనకు తెలియకుండానే. ఆ ఉలికిపాట్ల వరస ఏ ఇద్దరికీ ఒకటి కాదు. దానికి మనోముద్ర అని పేరు పెట్టారు.

కనిపెట్టినవాడు ఇందుమతి భర్త నరహరి. ఆవరణకు ఆ చివర ఉన్న ప్రయోగశాల అతనిది. కొన్నేళ్ళ కిందట ఉత్తరాదిలో ఎక్కడో, పై అధికారి పాస్‌వర్డ్ తెలిసిన గుమాస్తా ఒకడు పాడైన మందును బయటికి పంపేశాడు. పిల్లలు చచ్చిపోయారు. ఆ వార్త చదివిన రోజున నరహరి ఈ పనికి పూనుకున్నాడు. “వేలిముద్ర దొంగిలించొచ్చు, ముఖానికి ముసుగు తయారుచెయ్యొచ్చు. మనసు ఉలిక్కిపడే తీరు మాత్రం చచ్చేదాకా మారదు” అని ఎన్ని సభల్లో చెప్పాడో అతనికే గుర్తు లేదు. ఆ మాట నమ్మి ప్రభుత్వం మందుల కంపెనీలన్నిటికీ మనోముద్రను తప్పనిసరి చేసింది.

ఇందుమతి పలక మీద చెయ్యి ఆన్చింది. మాటలు వచ్చి పోయాయి. ‘గుర్తింపు కుదరలేదు’ అంది తెర. మళ్ళీ ఆన్చింది. మళ్ళీ అదే. ఆమె కాసేపు తన చేతినే చూసుకుని, భర్తకు ఫోను చేసింది.

నరహరి గుర్రపుశాలల పక్కనుంచి నడిచి వచ్చాడు. “బిళ్ళ సరిగ్గా తగల్లేదేమో ఇందూ” అన్నాడు.

“తీసి మళ్ళీ పెట్టుకున్నానండీ.”

అతను బిళ్ళ తుడిచి తనే పెట్టాడు. పక్క గదిలో పనిచేసే అమ్మాయిని పిలిచి అదే కుర్చీలో కూర్చోబెడితే ఆ అమ్మాయికి సారథి తలుపు వెంటనే తెరుచుకుంది. ఇందుమతికి తెరుచుకోలేదు. ఆమె లేచి కిటికీ దగ్గర నిలబడింది. నరహరి ఆ కొలతలు పట్టుకుని ప్రయోగశాలకు వెళ్ళాడు.

యంత్రంలో లోపం ఉంటే బాగుండునని అతను చాలాసేపు వెతికాడు. తెర మీద రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పరిచి చూశాడు. ఒకటి నాలుగేళ్ళ కిందట తను స్వయంగా తీసిన ఇందుమతి ముద్ర. రెండోది ఇవాళ్టిది. రెండూ శుభ్రంగా, నిలకడగా ఉన్నాయి. జ్వరం వచ్చిన మనసు వణికినట్టు వణకడం లేదు, నిద్రలేని మనసు తూలినట్టు తూలడం లేదు. రెండు గీతలూ ఇద్దరు ఆరోగ్యవంతులైన ఆడవాళ్ళవి, అంతే. ఆ ఇద్దరూ ఒక మనిషి కారు.

చిన్మయి పదిహేడేళ్ళ పిల్ల. డెంగీ జ్వరంతో ఆస్పత్రిలో చేరిన వారం లోపలే పోయింది. పెద్దకర్మ అయ్యాక నరహరి ఆఫీసుకు వచ్చేశాడు. ఇందుమతి ఇంకొన్నాళ్ళు ఇంట్లో ఉండిపోయింది.

మేనేజింగ్ డైరెక్టర్ త్రినాథరావు ఇద్దర్నీ తన గదికి పిలిపించాడు. మంచి మనిషి. కర్మ రోజున వచ్చి ఒక మూల కూర్చుని, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకుని వెళ్ళినవాడు. ఇవాళ అతని కళ్ళ కింద వేరే దిగులుంది.

“పార్వతీపురం నుంచి పొద్దున్నుంచి ఫోన్లమ్మా. నాట్ల రోజులు. పొలంలో కాలు పెట్టినవాళ్ళు పెట్టినట్టు పాము కాటుతో వస్తన్నారట. పలాసవైపు జీడితోటల్లోనూ అదే గొడవ. కోల్డ్ రూములో మందుంది. చూసే మనిషీ వచ్చింది. మధ్యన ఈ కుర్చీ ఒకటి అడ్డం.”

“కొత్త ముద్ర తీసుకోవచ్చు కదండీ” అంది ఇందుమతి.

“తీసుకోవచ్చు. దానికి ఢిల్లీ అనుమతి కావాలి. దొంగవాడు దూరకూడదని ఆ నియమం పెట్టించింది మీ ఆయనే” అన్నాడు త్రినాథరావు నెమ్మదిగా. అందులో నిష్ఠూరం లేదు. “ఇవాళే దరఖాస్తు పంపుతాను. వాళ్ళు కదిలేసరికి నాట్లూ అయిపోతాయి, కోతలూ అయిపోతాయి. రెండో అధికారి రిటైరై, ఆ కుర్చీ ఖాళీగా ఉంది. ఏటి చేద్దాం నరహరి గారూ?”



ఆ సాయంత్రం ఇంట్లో ఇందుమతి ఆరిన బట్టలు మడత పెడుతోంది. అతను ఎదురుగా కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చున్నాడు. ఉన్నట్టుండి ఆమె అడిగింది.

“మిమ్మల్ని రానిచ్చిందా?”

అతనికి అర్థమైంది. అర్థం కానట్టు చూశాడు.

“అది పోయాక మీరు ఆఫీసుకి వెళ్ళారు కదా. సారథి మిమ్మల్ని రానిచ్చిందా?”

“రానిచ్చింది.”

“మొదటిసారికే?”

అబద్ధం చెప్పడానికి క్షణం చాలు. కానీ ఇందుమతికి అబద్ధం చెప్పడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు. “ఊఁ” అన్నాడు.

 ఆమె చేతిలో ఉన్న దుప్పటి అంచులు కలిపి, మడత పెట్టి, లోపల పెట్టడానికి లేచి వెళ్ళింది. అరిచి ఉంటే బాగుండేదని నరహరి అనుకున్నాడు. తన యంత్రం తన గురించి చెప్పిన మాట ఇన్నాళ్ళూ అతని గుండెల్లోనే ఉంది. ఇప్పుడు అది ఇల్లంతా నిండింది. బిడ్డ చనిపోయినా ఈ మనిషిలో ఏ మార్పూ లేదు, ఇతను అప్పటివాడే, రానివ్వండి.

మర్నాడు పొద్దున్న పార్వతీపురం ఆస్పత్రిలో ఒక ఆడమనిషికి సగం మందే దొరికిందని తెలిసింది. మిగతా సగం శ్రీకాకుళం నుంచి వచ్చేలోపల ఆమె పోయింది. ఆ కబురు విన్నాక నరహరి నాణ్యతా విభాగానికి వెళ్ళి తలుపు మూశాడు.

“ఒక దారి ఉంది ఇందూ. చెప్పొచ్చో చెప్పకూడదో నాకు తెలీదు.”

“చెప్పండి.”

“లాగిన్‌కి ముందు కొంచెంసేపు కళ్ళు మూసుకో. చిన్ని ఉన్నప్పటి రోజు ఒకటి తలుచుకో. దాని పుట్టినరోజు వద్దు. పండగ రోజు వద్దు. ఏడుపొచ్చేది ఏదీ వద్దు. ఏమీ జరగని రోజు కావాలి. ఆ రోజులో పూర్తిగా ఉన్నానని నీకనిపించాక, అప్పుడు చెయ్యి ఆన్చు.”

 ఇందుమతి కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

ఆమె ఏ రోజును ఎంచుకుందో అతనికి తర్వాత తెలిసింది. ఒక ఆదివారం. వంటింటి గట్టు మీద కూర్చుని చిన్మయి ఉప్పు అద్దుకుని మామిడికాయ ముక్కలు తింటోంది. గట్టు మీంచి దిగవే, పళ్ళు పులుస్తాయే అని తల్లి కేకలేస్తోంది. పిల్ల కాళ్ళు ఊపుతూ, ఫిజిక్స్ ట్యూషన్ మాస్టారు నడిచే తీరు చేసి చూపిస్తోంది. అంతే. ఇంకేమీ లేదు ఆ రోజులో.

నరహరి చూస్తుండగానే భార్య ముఖం మారింది. కనుబొమల మధ్య పడిన ముడి విడిపోయింది. పెదవి చివర చిన్న విసుగు, తల్లులకు మాత్రమే వచ్చే విసుగు కనిపించింది. ఆమె చెయ్యి ఆన్చింది. మాటలు వచ్చి పోయాయి.

‘స్వాగతం, ఇందుమతి గారూ.’

ఆమె కళ్ళు తెరిచింది. తెరను చూసింది. గదిని చూసింది. ఎక్కడ ఉన్నదో, ఎప్పుడు ఉన్నదో ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. ఆస్పత్రి వరండాలో ఆ రోజు ఆమె ముఖం ఎలా అయిందో, ఇప్పుడు ఈ కుర్చీలోనూ అలాగే అయింది. నరహరి చూడలేక గోడవైపు తిరిగాడు.

వెనక నుంచి ఆమె గొంతు మామూలుగా వినిపించింది. “మీరు వెళ్ళండి. నాకు పనుంది.”

ఆ మధ్యాహ్నం మూడు వ్యాన్లు గేటు దాటాయి. పార్వతీపురం, సాలూరు, పలాస. వారం తిరక్కుండా త్రినాథరావు ఆస్పత్రుల నుంచి వచ్చిన కబుర్లు స్వయంగా తెచ్చి చెప్పాడు. పొలం గట్టు మీద రక్తపింజరి కరిచిన కుర్రాడు ఇంటికెళ్ళాడట. ఇంకొక చోట నెలలు నిండిన అమ్మాయి, కడుపులో బిడ్డతో సహా బతికిందట. ఇందుమతి విని తల ఊపింది. తను చేసింది తప్పు కాదని నరహరికి ఆ వారం గట్టిగా అనిపించింది.

వానలు ముదిరాయి. ఇందుమతి రోజూ పొద్దున్నే వచ్చి, కళ్ళు మూసుకుని, చెయ్యి ఆన్చి లోపలికి వెళ్ళేది. మొదట్లో చాలాసేపు పట్టేది. పోనుపోను కళ్ళు మూసిన వెంటనే తలుపు తెరుచుకునేది. ఎవరు లోపలికి వెళ్ళినా నరహరి ప్రయోగశాలలోని తెర మీద వాళ్ళ పేరు వెలుగుతుంది. ఆమె పేరు వెలిగేది, ఆరేది. కాసేపటికి మళ్ళీ వెలిగేది. భోజనాల వేళలోగా ఎన్నోసార్లు అలా జరిగేది. ఆమె ముద్ర నాలుగేళ్ళ కిందటిదానితో ఇదివరకెప్పుడూ కుదరనంత చక్కగా కుదురుతోంది.

ఇంట్లో కూడా ఆమె తేలికపడినట్టు కనిపించింది. వంట చేస్తూ ఒకరోజు ఏదో కూనిరాగం తీసింది. పోపు పెట్టే ముందు కొంచెం పప్పు చిన్న గిన్నెలోకి విడిగా తీసి, అందులో మిరపకాయ లేకుండా తాలింపు వేసింది. చిన్మయి కారం తినేది కాదు. ఆ గిన్నె బల్ల మీదికి వచ్చింది. నరహరి ఆ పప్పే కలుపుకుని తిన్నాడు.

ఒకరోజు కారులో ఇంటికి వస్తూ అడిగాడు. “లోపలికి వెళ్ళినదానివి పని అయ్యేదాకా ఉండొచ్చు కదా. మాటిమాటికీ బయటికొచ్చి మళ్ళీ వెళ్ళడం ఎందుకు?”

ఆమె కిటికీలోంచి తడిసిన పొలాలను చూస్తోంది. “వెళ్ళేటప్పుడు అది ఉంటుందండీ” అంది. “వెళ్ళాక ఉండదు. అందుకని మళ్ళీ వెళ్తాను.”

నరహరి దారి మీదే చూపు పెట్టి కారు నడిపాడు.

కొత్త ముద్రకు ఢిల్లీ నుంచి అనుమతి అనుకున్నదానికన్నా ముందే వచ్చింది. త్రినాథరావు సంబరపడి ఫోను చేశాడు. వచ్చే వారం చూద్దాం అంది ఇందుమతి. ఆ వచ్చే వారం కూడా అదే అంది. బలవంతపెట్టాల్సినవాడు నరహరి. అతనూ ఊరుకున్నాడు. ఎందుకు ఊరుకున్నావని ఎవరైనా అడిగితే, చేతినిండా పని ఉందని చెప్పేవాడేమో. అది నిజం కాదు. రోజుకు కొంతసేపైనా తన కూతురు ఎక్కడో ఒకచోట మామిడికాయ తింటూ కాళ్ళు ఊపుతోందన్న ఊహ అతనికీ ఊరటగా ఉండేది.

ఆశ్వయుజం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఇందుమతి క్యాంటీనులో భోజనానికి కూర్చుంది. కలిపిన ముద్ద ఇంకా నోట పెట్టుకోలేదు. కరెంటు పోయింది. ఫాన్లు నిదానించి ఆగిపోయాయి. జనరేటరు అందుకునే లోపల హాలంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది.

ఆ నిశ్శబ్దంలో ఆమెకు ఒక గీత గుర్తొచ్చింది. పొద్దున్న పలాసకు విడుదల చేసిన మందు తాలూకు కోల్డ్ రూము ఉష్ణోగ్రత గీత. తిన్నగా పోవలసిన గీత ఒకచోట గుట్టలా పైకి లేచి దిగింది. రాత్రి కరెంటు పోయి, జనరేటరు అందుకోక, గది వేడెక్కింది. ఆ గీత ఆమె కళ్ళ ముందే ఉంది. కళ్ళు దాన్ని చూశాయి కూడా. కానీ ఆ క్షణంలో ఆమె వంటింట్లో ఉంది. గట్టు మీంచి దిగవే అంటూనే ‘విడుదల’ మీద వేలు పెట్టేసింది.

చెయ్యి కడుక్కోకుండానే ఫోను తీసి వ్యాను డ్రైవరు అప్పలనాయుడికి చేసింది. మొదటిసారి మోగి ఆగిపోయింది. రెండోసారికి ఎత్తాడు.

“ఎక్కడున్నావు నాయుడూ?”

“టెక్కలి దాటీసినానమ్మా. ఇంకెంత, పలాస వచ్చీసినట్టే. ఆస్పత్రోళ్ళు మందు కోసం కాసుక్కూకున్నారు.”

“మందు దింపొద్దు. ఒక్క పెట్టె కూడా దింపొద్దు. వెనక్కి తిప్పు.”

“వెనక్కా? ఇప్పుడే మళ్ళీ ఫోన్చేసినారమ్మా. కట్లపాము కరిచినోడిని తెచ్చినారట.”

 “ఆ మందు వేడికి పాడైంది నాయుడూ. అది ఎక్కిస్తే పని చెయ్యదు. మందు ఎక్కిందని వాళ్ళు ధైర్యంగా ఉంటారు, మనిషి పోతాడు. నువ్వు తిరిగొచ్చెయ్. ఇంకోటి పంపుతున్నాను.”

 “అలాగేనమ్మా, తిప్పీస్తన్నాను” అన్నాడు అప్పలనాయుడు.

ఆమె పరుగులాంటి నడకతో ప్రయోగశాలకు వచ్చింది. చేతి వేళ్ళకు అన్నం మెతుకులు ఇంకా అలాగే ఉన్నాయి. నరహరి చూసి లేచి నిలబడ్డాడు.

“ఇవాళ నేను అక్కడే ఉండిపోయానండీ” అంది. జరిగింది చెప్పింది. ఏడవలేదు. “రండి. మంచి మందు ఇంకొకటి గదిలో ఉంది. దాన్ని పంపాలంటే మళ్ళీ లోపలికి వెళ్ళాలి. ఈసారి మీరు నా పక్కన కూర్చోండి. తలుపు తెరుచుకోగానే నన్ను పేరు పెట్టి పిలవండి. తెర మీద ప్రతి అంకె నేను పైకి చదువుతాను. మీరు వినండి.”

అలాగే చేశారు. ఆమె కళ్ళు మూసుకుంది. ఈసారి చాలా ఆలస్యమైంది, మొదటి రోజులాగా. స్వాగతం అని తెర మీద పడగానే నరహరి “ఇందూ” అన్నాడు. ఆమె పూర్తిగా వెనక్కి రాలేదనిపించి భుజం పట్టుకుని మళ్ళీ పిలిచాడు. ఆమె ఊపిరి పీల్చుకుని చదవడం మొదలుపెట్టింది. ప్రతి అంకే, ప్రతి గీతా. వ్యాను బయల్దేరింది. టెక్కలి ఆస్పత్రిలో ఉన్న కొద్దిపాటి మందును పలాసకు పంపించడానికి త్రినాథరావు ఎవరెవరినో బతిమాలాడు. కట్లపాము కరిచిన మనిషి బతికాడని సాయంత్రానికి తెలిసింది. తెలిసేదాకా ముగ్గురూ ఆ గదిలోనే కూర్చున్నారు.

“అయిందేదో అయింది” అన్నాడు త్రినాథరావు. “వ్యాను వెనక్కొచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు.”

“పై అధికారులకు రాస్తానండి” అన్నాడు నరహరి. “పాత రోజు తలుచుకుంటే ఈ ముద్రను దాటెయ్యొచ్చని. అలా దాటడం నేనే నేర్పానని.”

“రాస్తే మీ ఇన్నేళ్ళ పనీ నీళ్ళపాలవుద్ది.”

“తెలుసండి.”

త్రినాథరావు ఇంక వారించలేదు. ఆ తర్వాత విచారణలు జరిగాయి. చాలా కంపెనీలు ఆ కుర్చీలు తీసేసి, ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చుని సంతకాలు చేసే పాత పద్ధతికి వెళ్ళిపోయాయి. కొన్నిచోట్ల మాత్రం కుర్చీ మిగిలింది, ఒక కొత్త నియమంతో. ఇంట్లో చావు జరిగినవాళ్ళు అడిగిన రోజునే కొత్త ముద్ర తియ్యాలి. అవన్నీ జరగడానికి చాలాకాలం పట్టింది.

ఇందుమతి మాత్రం ఆగలేదు. మర్నాడు పొద్దున్నే ప్రయోగశాలకు వచ్చి కూర్చుంది. “తియ్యండి” అంది.

కొత్త ముద్ర తియ్యాలంటే పాతది చెరిపెయ్యాలి. ఒక మనిషికి ఒక ముద్రే. నరహరి వేలు మీట మీద పెట్టి ఆగిపోయాడు.

“ఒక నకలు దాచనా?” అన్నాడు. “సారథిలో కాదు. వేరేగా. మన దగ్గర.”

“ఎందుకు?”

అతను తెర మీది గీతనే చూశాడు. చిన్మయి ఫొటోలున్నాయి, వీడియోలున్నాయి. కానీ ఆ పిల్ల బతికుండగా ఆ తల్లి మనసు ఎలా కొట్టుకునేదో, అది ఉన్నది ఈ ఒక్క గీతలోనే. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు.

“దాచితే రోజూ వెళ్తాను” అంది ఇందుమతి. “నేను వెళ్ళకపోతే మీరు వెళ్తారు. చెరిపెయ్యండి.”

అతను మీట నొక్కాడు. గీత పోయింది. ఆమె ఖాళీ తెరను చూస్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి సర్దుకుని, బిళ్ళ చెవి వెనక పెట్టుకుంది.

లాగిన్‌లో మాటలు తెర మీద మెరిసి పోతాయి. ముద్ర తీసేటప్పుడు మాత్రం ఎవరో ఒకరు ఎదుట కూర్చుని నిదానంగా చదవాలి. మామూలుగా ఆ పని సహాయకులది. ఇందుమతి, మీరే చదవండి అంది. నరహరి కాగితం తీసుకుని, ఏ భావమూ లేని గొంతుతో, తను అందరికీ నేర్పిన గొంతుతో మొదలుపెట్టాడు.

“తాళంచెవి. రైలు కూత. పొంగిన పాలు.”

ఆమె కళ్ళు మూసుకుని వింటోంది. తెర మీద కొత్త గీత నెమ్మదిగా గీసుకుంటూ పోతోంది.

“మూసిన తలుపు. సబ్బు నురగ. పరుగు. ఉత్తరం. జడ.”

తర్వాతి మాట రాలేదు. ఇందుమతి కళ్ళు తెరిచింది.

ఇందుమతి పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళిపోయే రోజుల్లో, అంటే చిన్మయి అయిదో క్లాసు నుంచీ, స్కూలుకు జడ వేసింది నరహరే. మొదట్లో వంకరగా వచ్చేది. రిబ్బను జారిపోయేది. నాన్నా గట్టిగా లాగకు అని పిల్ల రోజూ అనేది. కాలేజీకి వెళ్ళాక కూడా, నాకు వేసుకోవడం రాదు అని అబద్ధం చెప్పి దువ్వెన పట్టుకుని అతని ముందే కూర్చునేది.

 అతను ఆ మాటనే మళ్ళీ చదవబోయాడు.  ఆస్పత్రిలో రాని ఏడుపు, శ్మశానంలో రాని ఏడుపు, కర్మ రోజున అందరూ ఓదార్చబోతే ఎందుకు ఓదారుస్తున్నారో అర్థం కాక నిలబడినవాడికి అప్పుడు వచ్చింది. బల్ల మీద తల పెట్టుకుని పెద్దగా ఏడ్చాడు. ఇందుమతి బిళ్ళ తీసేసి, లేచి వచ్చి, అతని తల తన పొట్టకు ఆనించుకుని నిలబడింది. ఆ రోజు ముద్ర తియ్యడం కుదరలేదు. మర్నాడు సహాయకురాలు కూర్చుని తీసింది.

అదే రోజు నరహరి తన కుర్చీలో కూర్చుని చెయ్యి ఆన్చాడు. ‘గుర్తింపు కుదరలేదు.’ మళ్ళీ ఆన్చాడు. కుదరలేదు. ఇంకొకసారి ప్రయత్నించడానికి అతనికి మనసొప్పలేదు.

లేచి బయటికి వచ్చి, గుర్రపుశాల పక్కనున్న పిట్టగోడ మీద కూర్చుని భార్యకు ఫోను చేశాడు. ఆమె వచ్చి పక్కన కూర్చుంది. లోపల ఒక గుర్రం గడ్డి నములుతోంది.  కొంతసేపటికి అతను ఇన్ని నెలలుగా అడగనిది అడిగాడు.

“ఆ రోజు నేను ప్లేట్‌లెట్ల కోసం బ్లడ్ బ్యాంకుకి వెళ్ళాను కదా. నేను వచ్చేలోపల… చిన్ని ఏమైనా అందా?”

 ఇందుమతి చేతులు ఒళ్ళో పెట్టుకుని గుర్తు తెచ్చుకుంది. గుర్తు తెచ్చుకోవలసిన అవసరం ఆమెకు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చూసుకుంది.

“కాళ్ళు చల్లగా ఉన్నాయంది. నా శాలువ కప్పాను. ఫాను ఆపమంది. ఆపాను. ఆపినా తిరుగుతోందంది. తిరగట్లేదే, చూడు అన్నాను. సరేలే అంది.”

“తర్వాత?”

“నాన్న ఏడీ అంది. మందు తేవడానికి వెళ్ళాడని చెప్పాను. కారులో వెళ్ళాడా, బండి మీద వెళ్ళాడా అని అడిగింది. కారు తియ్యడానికి చోటు లేదు, బండి మీద వెళ్ళాడన్నాను.”

 నరహరి తల తిప్పి ఆమెనే చూస్తున్నాడు.

“వాన పడుతోంది కదమ్మా, తడిసిపోతాడు అంది. అంతే. ఇంకేమీ అనలేదు.”

ఆ రోజు ప్లేట్‌లెట్ల పెట్టెను చొక్కా లోపల పెట్టుకుని, దాని మీద చుక్క పడకుండా వంగి బండి నడుపుతూ, నరహరి నిలువునా తడిసి వచ్చాడు.